మజ్దా: పేరు తెచ్చిన ఇంజిన్ ఒకటి, కూడు పెట్టిన కార్లు వేరు

తెలుగు రాష్ట్రాల్లో మజ్దా అనగానే గుర్తొచ్చేది కారు కాదు, వ్యాను. 1980లలో జపాన్ కంపెనీల సాంకేతిక సహకారంతో చిన్న లారీలు తయారుచేయడానికి దేశంలో నాలుగు సంస్థలు రంగంలోకి దిగాయి: డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్, స్వరాజ్ మజ్దా. ఆల్విన్ నిస్సాన్ ఫ్యాక్టరీ మన జహీరాబాద్‌లోదే. స్వరాజ్ మజ్దాది పంజాబ్. అయినా స్కూలు బస్సుగా, పెళ్లివారి వ్యానుగా, కంపెనీ స్టాఫ్ బండిగా ఊరూరా తిరిగి ఇక్కడ జనం నోట్లో నిలిచింది స్వరాజ్ మజ్దా పేరే. ఆ సంస్థ 2011లో ఎస్ఎంఎల్ ఇసుజుగా మారింది, 2025లో మహీంద్రా చేతికి వెళ్లింది. జహీరాబాద్ ఫ్యాక్టరీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే మహీంద్రాది అయిపోయింది. మజ్దా కార్లు మాత్రం భారత మార్కెట్‌లోకి అధికారికంగా ఎన్నడూ రాలేదు. వాటి సంగతి తెలిసిన తెలుగువాళ్లు చాలావరకు అమెరికాలో సీఎక్స్-5 నడిపేవాళ్లు, లేదా ఆస్ట్రేలియాలోనో గల్ఫ్‌లోనో సెకండ్‌హ్యాండ్ మజ్దా3 కొనుక్కున్నవాళ్లు.

ఈ కంపెనీకి ఒకదానికొకటి పొసగని రెండు పేర్లున్నాయి. లక్ష కిలోమీటర్లు దాటితే చాలు ఇంజిన్ విప్పాల్సివచ్చే రోటరీ (పిస్టన్‌కి బదులు రోటర్ తిరిగే ఇంజిన్) కార్ల కంపెనీ అన్నది ఒకటి. 2020లో అమెరికా వినియోగదారుల సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ ప్రకటించిన విశ్వసనీయత పట్టికలో టొయోటాని, లెక్సస్‌ని కిందికి నెట్టి మొదటి స్థానంలో నిలిచిన కంపెనీ అన్నది రెండోది. రెండూ నిజాలే. ఒకే ఫ్యాక్టరీ గోడల మధ్య రెండూ ఎలా పుట్టాయో తెలియాలంటే, మజ్దాకి పేరు తెచ్చిన వస్తువునీ, జీతాలకి డబ్బు తెచ్చిన వస్తువులనీ విడివిడిగా చూడాలి. చాలా కథనాలు ఈ రెంటినీ కలిపేసి, మొండి ఇంజినీర్ల వీరగాథగా ముగిస్తాయి. లెక్కల పుస్తకం చెప్పేది వేరు.

బెరడు బిరడాల నుంచి మూడు చక్రాల బండి దాకా

1920 జనవరిలో హిరోషిమాలో టోయో కార్క్ కోగ్యో అనే సంస్థ మొదలైంది. పని, చెట్టు బెరడుతో బిరడాలు, అట్టలు చేయడం. మరుసటి ఏడాది పగ్గాలు అందుకున్న జుజిరో మట్సుడా జాలరి కొడుకు, చిన్నతనంలోనే కమ్మరి పని నేర్చినవాడు. బిరడాల వ్యాపారంలో పస లేదని అతనికి త్వరగానే అర్థమైంది. 1927లో సంస్థ పేరులోంచి ‘కార్క్’ పోయింది, 1929 నాటికి యంత్ర పరికరాల తయారీ మొదలైంది, 1931 అక్టోబరులో మజ్దా-గో అనే మూడు చక్రాల సరుకు బండి బయటికొచ్చింది. ఇంజిన్ 482 సీసీ. ఇంజిన్ కూడా సొంతంగా తయారుచేసుకోవడం ఈ కంపెనీకి మొదటి నుంచీ ఉన్న అలవాటు.

1945 ఆగస్టు 6న అణుబాంబు పడినప్పుడు ఫ్యాక్టరీ పేలుడు కేంద్రానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, హిజియామా అనే గుట్టకి అవతలి వైపు ఉంది. పేలుడు గాలి తాకిడిలో కొంత ఆ గుట్టకి తగిలి ఆగడంతో షెడ్లు చాలావరకు నిలిచాయి. నగరంలో ప్రభుత్వ భవనాలు లేకుండా పోవడంతో హిరోషిమా ప్రిఫెక్చర్ కార్యాలయాలు కొన్ని నెలలపాటు ఇక్కడి నుంచే నడిచాయి. అదే ఏడాది డిసెంబరుకల్లా మూడు చక్రాల బండ్ల తయారీ మళ్లీ మొదలైంది. శిథిలాలు ఎత్తడానికి, ఇటుక, కలప మోయడానికి ఆ రోజుల్లో అవే దిక్కు. హిరోషిమా ప్రజలకి ఈ కంపెనీపై ఉన్న మమకారానికి మూలం ఇక్కడుంది. తర్వాతి సంక్షోభాల్లో ఊరి వ్యాపారులు, సరఫరాదారులు కంపెనీని వదిలేయకపోవడానికి ఇదొక కారణం.

రోటరీ ఎందుకు కొన్నారు?

1960లో 356 సీసీ ఇంజిన్‌తో ఆర్360 కూపే వచ్చింది, ధర 3 లక్షల యెన్లు. అదే మజ్దా తొలి ప్యాసింజర్ కారు. బాగా అమ్ముడైంది. కానీ అప్పటికే జపాన్ వాణిజ్య, పరిశ్రమల శాఖ కార్ల కంపెనీలన్నిటినీ కొద్ది గ్రూపులుగా కుదించాలని ఆలోచిస్తోంది. విదేశీ కార్లకి తలుపులు తెరిచే రోజు దగ్గరపడుతోంది కాబట్టి చిన్నవాళ్లు పెద్దవాళ్లలో కలిసిపోవాలన్నది శాఖ వాదన. జుజిరో కొడుకు త్సునెజి మట్సుడా ముందు ఉన్న దారులు రెండే: ఎవరిలోనో కలిసిపోవడం, లేదా ఎవరి దగ్గరా లేని సరుకు చూపించి విడిగా నిలబడడం. జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ కంపెనీ దగ్గర ఫెలిక్స్ వాంకెల్ రూపొందించిన రోటరీ ఇంజిన్ ఉంది. 1961లో దాని లైసెన్సు కొన్నారు. అంటే రోటరీ మొదట ఇంజినీర్ల పిచ్చి కాదు, యజమాని ఆత్మరక్షణ.

ఆ ఇంజిన్ నిర్మాణం చూస్తే ఆశ ఎందుకు కలిగిందో తెలుస్తుంది. పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకోదు. పక్కలు ఉబ్బిన సమోసా ఆకారంలో ఒక రోటర్, నడుము నొక్కుకుపోయిన దీర్ఘవృత్తంలాంటి గదిలో తిరుగుతుంది. మూడు మొనలూ ఎప్పుడూ గోడకి ఆనుకునే ఉంటాయి కాబట్టి మూడు అరలు ఏర్పడతాయి. ప్రతి అరా చుట్టూ తిరిగే క్రమంలోనే ఇంధనం పీల్చడం, నొక్కడం, మండడం, పొగ వదలడం పూర్తవుతాయి. వాల్వులు లేవు, క్యామ్‌షాఫ్ట్ లేదు, కనెక్టింగ్ రాడ్డు లేదు. రోటర్ ఒక్కసారి తిరిగేలోపు మధ్యలోని షాఫ్ట్ మూడుసార్లు తిరుగుతుంది. అందుకే మీటరు 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) చూపిస్తున్నా రోటర్ తిరిగేది 3,000 మాత్రమే.

సామర్థ్యం లెక్క కట్టడం కూడా సులువే. రోటర్ మధ్య నుంచి మొన దాకా ఉన్న దూరాన్ని, షాఫ్ట్ పక్కకి జరిగిన దూరాన్ని, రోటర్ వెడల్పుని గుణించి, దాన్ని మూడు రెట్ల వర్గమూలం మూడుతో, అంటే 5.196తో హెచ్చించాలి. మజ్దా ప్రసిద్ధ 13బీ ఇంజిన్‌లో ఇవి 105, 15, 80 మిల్లీమీటర్లు. లెక్క 654 సీసీ దగ్గర తేలుతుంది, రెండు రోటర్లకి 1,308. అయితే షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ ప్రతి రోటర్‌లోనూ ఒక మంట పడుతుంది. నాలుగు స్ట్రోకుల పిస్టన్ ఇంజిన్‌లో రెండు చుట్లకి ఒకసారే. కాబట్టి కాగితం మీద 1.3 లీటర్లయినా అది గాలి పీల్చేది 2.6 లీటర్ల పిస్టన్ ఇంజిన్ అంత. ‘ఇంత చిన్న ఇంజిన్, అంత శక్తి’ అన్న పొగడ్తలోనూ, ‘ఇంత చిన్న ఇంజిన్ ఇంత పెట్రోలు తాగుతుందా’ అన్న తిట్టులోనూ ఈ లెక్క తెలియకపోవడమే ఎక్కువ.

లైసెన్సు చేతికొచ్చాక తేలిన విషయం, జర్మనీలో కూడా ఆ ఇంజిన్ ఇంకా పూర్తిగా కుదరలేదని. 1963లో కెనిచి యమమోటో నాయకత్వాన 47 మందితో పరిశోధన విభాగం ఏర్పడింది. ఆ సంఖ్య జపాన్ ఇతిహాసంలోని 47 మంది సమురాయ్‌లని గుర్తుచేసేది కావడంతో బృందానికి ఆ పేరే స్థిరపడింది. వాళ్లు ఎదుర్కొన్న ముఖ్య సమస్య గది లోపలి క్రోమ్ పూత మీద వరసగా పడే గాట్లు. వాటిని ‘దయ్యపు గోటి గాట్లు’ అనేవారు. రోటర్ మొనల్లో ఇమిడే సీళ్లు గోడ వెంట జారుతూ, ఒకానొక వేగం దగ్గర తమ సహజ కంపన స్థాయికి వచ్చి ఎగిరెగిరి పడతాయి. పడిన చోటల్లా గాటు. గాట్ల గుండా కంప్రెషన్, అంటే అరలో నొక్కిన గాలి ఒత్తిడి, కారిపోతుంది. ఇది గట్టిదనం లేక వచ్చిన రోగం కాదు, కంపనం వల్ల వచ్చినది అని గుర్తించడమే సగం విజయం. ముందు సీలు మొన దగ్గర అడ్డంగా రంధ్రాలు చేసి కంపన స్థాయిని మార్చి చూశారు, గాట్లు తగ్గాయి. కానీ అలాంటి సీళ్లు వేలకొద్దీ తయారుచేయడం కష్టం. చివరికి నిప్పన్ కార్బన్ కంపెనీతో కలిసి, అల్యూమినియం ఇంకించిన కార్బన్ సీళ్లు చేశారు. పక్క సీళ్లు దాటి ఆయిల్ లోపలికి వచ్చి తెల్లటి పొగ రావడం రెండో బెడద. రబ్బరు రింగుతో కూడిన కొత్త ఆయిల్ సీలుతో దాన్ని అదుపు చేశారు. ఇంధనం లోపలికి వచ్చే దారిని గది చుట్టు గోడ నుంచి పక్క గోడకి మార్చడం మూడో మార్పు. దాంతో తక్కువ వేగంలో కుదుపులు తగ్గాయి.

1967 మేలో కాస్మో స్పోర్ట్ అమ్మకానికి వచ్చింది: ఒక్కో రోటర్‌కి 491 సీసీ, 110 హార్స్‌పవర్, బరువు 940 కిలోలు, ధర 14.8 లక్షల యెన్లు. 1968లో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌లో 84 గంటలపాటు సాగిన పందెంలో రెండు కాస్మోలు దిగితే, ఒకటి నాలుగో స్థానంలో నిలిచింది. రెండోది 82వ గంటలో ఆగిపోయింది. ఆగింది వెనక యాక్సిల్ వల్ల, ఇంజిన్ వల్ల కాదు. మజ్దాకి కావాల్సిన ప్రచారం అదే.

అదే 1967లో ఎన్‌ఎస్‌యూ తన రో80 విడుదల చేసింది. చూడ్డానికి దశాబ్దం ముందున్న కారు, ఐరోపాలో 1968 మేటి కారు బహుమతి కూడా వచ్చింది. కానీ సీళ్లు అరిగిపోయి, వారంటీ కింద ఇంజిన్లు మార్చీ మార్చీ ఎన్‌ఎస్‌యూ ఖజానా ఖాళీ అయింది. 1969లో ఫోక్స్‌వాగన్ దాన్ని కలిపేసుకుంది. ఫ్రాన్స్‌లో సిట్రొయెన్ తన రోటరీ కార్లని కొన్నవాళ్ల దగ్గర నుంచి వెనక్కి కొని తుక్కు చేసింది. మెర్సిడెస్, జనరల్ మోటార్స్ ఖర్చు పెట్టి, కొనసాగించకుండా వదిలేశాయి. మజ్దా మొదట 1,176 కాస్మోలే తయారుచేసింది. తక్కువ కార్లు, ఎక్కువ పరీక్ష. ఎన్‌ఎస్‌యూకి మజ్దాకి ఉన్న తేడా మేధస్సులో కంటే ఈ జాగ్రత్తలో ఎక్కువుంది.

1973, లెక్క తప్పిన ఏడాది

ఆ జాగ్రత్త 1970లలో సడలింది. త్సునెజి 1970లో మరణించాక అతని కొడుకు కోహెయ్ రోటరీని దాదాపు అన్ని మోడళ్లకీ ఎక్కించాడు. చివరికి పికప్‌కి, మినీబస్సుకి కూడా. అప్పుడు దానికి బలమైన వాదన ఉంది. అమెరికా కొత్త కాలుష్య చట్టం దెబ్బకి పెద్ద కంపెనీలు గిలగిల్లాడుతుంటే, రోటరీ ఆ పరీక్షని గడువుకి ముందే గట్టెక్కింది. రోటరీ మంట కాస్త చల్లగా ఉండడంతో నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ. మండకుండా మిగిలిన పెట్రోలుని బయట మరో పాత్రలో గాలి కలిపి కాల్చేస్తే చాలు.

ఆ ‘మండకుండా మిగిలిన పెట్రోలు’ దగ్గరే అసలు జబ్బు ఉంది. రోటరీలో మంట మండే అర పొడుగ్గా, పలచగా ఉంటుంది. పైగా అది కదులుతూ ఉంటుంది. మంట ఒక కొస నుంచి ఇంకో కొసకి చేరేలోపు అంచుల్లో చల్లారిపోతుంది. ఒక్కో రోటర్‌కి రెండేసి ప్లగ్గులు పెట్టింది అందుకే. గోడ విస్తీర్ణం ఎక్కువ కాబట్టి వేడి కూడా నీళ్లలోకీ ఆయిల్‌లోకీ పోతుంది. ఇది తయారీ లోపం కాదు, ఆకారం తెచ్చే లోపం. అందుకే ఎన్ని తరాలు మారినా తగ్గిందే తప్ప పోలేదు.

1973 అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా పర్యావరణ సంస్థ ప్రకటించిన మైలేజీ పట్టికలో మజ్దా రోటరీకి నగరంలో లీటరుకి 5 కిలోమీటర్లు కూడా రావని తేలింది. అమ్మకాలు కుప్పకూలాయి, ఫ్యాక్టరీ ఆవరణ అమ్ముడుపోని కార్లతో నిండిపోయింది. సుమిటొమో బ్యాంకు తన మనుషులని పంపి యాజమాన్యం చేతుల్లోకి తీసుకుంది. 1977లో కోహెయ్ అధ్యక్ష పదవి వదలాల్సివచ్చింది. ఉద్యోగాలు తీసేయకుండా, వేలాది ఫ్యాక్టరీ కార్మికులని జపాన్ అంతటా డీలర్ల దగ్గరికి పంపి ఇంటింటికీ కార్లు అమ్మించారు. 1979లో ఫోర్డ్ సుమారు 25 శాతం వాటా కొన్నది.

కంపెనీని నిలబెట్టింది ఏది? అభిమానులు 1978 నాటి రోటరీ స్పోర్ట్స్ కారు ఆర్‌ఎక్స్-7 అంటారు. ఆ కారు మంచిదే. మూడు తరాల్లో మొత్తం 8,11,634 తయారయ్యాయి. కానీ 1980లో వచ్చిన ముందు చక్రాల డ్రైవ్ ఫమిలియా, విదేశాల్లో 323గా తెలిసినది, 27 నెలల్లోనే 10 లక్షలు దాటింది. జపాన్‌లో తొలి ‘కార్ ఆఫ్ ది ఇయర్’ కూడా అదే. మామూలు పిస్టన్ ఇంజిన్, మామూలు హ్యాచ్‌బ్యాక్. దాని గురించి ఎవరూ గోడ మీద పోస్టరు అంటించుకోరు, జీతాలిచ్చింది మాత్రం అదే. యమమోటో 1984లో అధ్యక్షుడు కావడం వల్ల రోటరీ బతికింది, 323, మరో పిస్టన్ కారు 626ల లాభాల వల్ల యమమోటోకి ఆ స్వేచ్ఛ దొరికింది.

1991లో ఫ్రాన్స్‌లోని లె మాన్ 24 గంటల పందెంలో మజ్దా రోటరీ రేసు కారు 787బీ గెలుపు రోటరీ కీర్తికి శిఖరం. నాలుగు రోటర్లు, 2,616 సీసీ, సుమారు 700 హార్స్‌పవర్, 362 చుట్లు. ఆ పందెం గెలిచిన తొలి జపాన్ కంపెనీ మజ్దానే, రెండోదిగా టొయోటా చేరడానికి 2018 దాకా పట్టింది. ‘గెలిచినందుకు రోటరీని నిషేధించారు’ అన్న మాట ఇంటర్నెట్‌లో అరిగిపోయేదాకా తిరుగుతోంది. అది సరికాదు. 3.5 లీటర్ల పిస్టన్ ఇంజిన్లకే పరిమితమయ్యే నిబంధనలు ఆ గెలుపుకి ముందే ఖరారయ్యాయి. ఇంకో సంగతి ఆ ప్రచారంలో కనిపించదు: మెర్సిడెస్, జాగ్వార్‌లు 1,000 కిలోల బరువుతో పరిగెత్తాల్సివస్తే, మజ్దా బృందం నిర్వాహకులని ఒప్పించి 830 కిలోలకే అనుమతి తెచ్చుకుంది. గెలుపులో ఆ చర్చల వాటా చిన్నదేం కాదు.

ఆర్‌ఎక్స్-8: ఏది పాడవుతుంది, ఎందుకు

2003 నుంచి 2012 వరకు తయారైన రోటరీ స్పోర్ట్స్ కారు ఆర్‌ఎక్స్-8 ఇప్పటికీ బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దుబాయ్ సెకండ్‌హ్యాండ్ మార్కెట్లలో ఆశ పుట్టించేంత చవగ్గా దొరుకుతుంది. చదువుకి వెళ్లిన మన కుర్రాళ్లు ధర చూసి మోజుపడే కార్లలో ఇదొకటి. ధర తక్కువ ఎందుకో తెలుసుకుని కొంటే నష్టం లేదు.

ఇందులోని రెనెసిస్ ఇంజిన్‌లో పొగ బయటికి పోయే దారిని కూడా చుట్టు గోడ నుంచి పక్క గోడకి మార్చారు. కాలుష్యం తగ్గింది, మైలేజీ కొంచెం పెరిగింది. కానీ మసి పక్క సీళ్ల గాడుల్లో పేరుకునే వీలు ఎక్కువైంది. సీలు బిగుసుకుపోతే కంప్రెషన్ పోయినట్టే. రెండోది ఆయిల్. రోటరీలో మొన సీళ్లు జారడానికి ఇంజిన్ ఆయిల్‌నే చుక్కలు చుక్కలుగా లోపలికి పంపుతారు, అది పెట్రోలుతోపాటు కాలిపోతుంది. కాబట్టి ఈ కారు ఆయిల్ తాగడం జబ్బు కాదు, తాగకపోతేనే జబ్బు. తొలి మోడళ్లలో ఒక్కో గదికి రెండే ఆయిల్ చిమ్మే రంధ్రాలు ఉండి, సీలు మధ్యభాగానికి తడి సరిగా అందేది కాదు. 2009 మోడల్ నుంచి మూడోది పెట్టారు. అమెరికాలో 2004-2008 మోడళ్ల ఇంజిన్ వారంటీని 8 ఏళ్లు లేదా లక్ష మైళ్లకి పెంచాల్సివచ్చింది.

మూడోది ఇగ్నిషన్ కాయిళ్లు. నిశ్శబ్దంగా ఎక్కువ ఇంజిన్లని చంపేది ఇదే. కాయిల్ నీరసపడితే మంట సరిగా పడదు, మండని పెట్రోలు పొగని శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది, లోపలి జల్లెడ కరిగి మూసుకుపోతుంది, పొగ వెనక్కి తన్ని ఇంజిన్ వేడెక్కుతుంది. సీళ్లు ఆ వేడికి పోతాయి. మెకానిక్ ‘సీళ్లు పోయాయి’ అంటాడు, మొదలు మాత్రం చవకైన కాయిల్. నాలుగు కాయిళ్లనీ, ప్లగ్గులనీ సుమారు 50,000 కిలోమీటర్లకి ఒకసారి మార్చేయడం అనుభవజ్ఞుల పద్ధతి.

చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేసి, పార్కింగ్‌లో పది అడుగులు జరిపి వెంటనే ఆపేయడం ఇంకో ప్రమాదం. చలికి ఎక్కువగా చిమ్మిన పెట్రోలు గోడ మీద ఆయిల్‌ని కడిగేస్తుంది, తర్వాత కంప్రెషన్ చాలక స్టార్ట్ కాదు. అలా జరిగితే యాక్సిలరేటర్‌ని పూర్తిగా తొక్కిపట్టి స్టార్టర్ తిప్పాలి. అప్పుడు ఇంధనం ఆగి గాలి మాత్రమే వెళ్తుంది. ఒక్కోసారి కొన్ని సెకన్లే, మధ్యలో బ్యాటరీకి విరామం ఇస్తూ.

కొనేముందు చేయాల్సిన పరీక్ష ఒక్కటే అయితే, అది కంప్రెషన్ పరీక్ష. మామూలు పిస్టన్ గేజ్ పనికిరాదు. అది మూడు అరల్లో ఎక్కువదాన్నే చూపించి, పోయినదాన్ని దాచేస్తుంది. మూడు అరలనీ విడిగా చూపే రోటరీ టెస్టర్‌తో, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు, 250 ఆర్‌పీఎం లెక్కకి సరిచేసి చూడాలి. కొత్త ఇంజిన్‌కి 830 కిలోపాస్కల్స్ ఉండాలి. 680కి తగ్గితే పనయిపోయినట్టే. ఒకే రోటర్‌లోని అరల మధ్య తేడా 150 మించకూడదు, రెండు రోటర్ల మధ్య 100 మించకూడదు. టెస్టర్ దొరక్కపోతే కారుని 20 నిమిషాలు నడిపి, ఆపి, పది పదిహేను నిమిషాల తర్వాత స్టార్ట్ చేయాలి. వేడి మీద స్టార్టర్ చాలాసేపు తిరగాల్సివస్తే బేరం వదిలేయడం మంచిది.

కొన్న తర్వాత, పెట్రోలు పోయించిన ప్రతి రెండోసారీ ఆయిల్ చూడాలి. టెంపరేచర్ ముల్లు వేడి చూపించేటప్పటికే ఆలస్యమైపోతుంది కాబట్టి కూలెంట్ మట్టం మీద కన్నేసి ఉంచాలి. ఈ ఇంజిన్ అల్యూమినియం, ఇనుప పలకలని పొడవాటి బోల్టులతో బిగించిన దొంతర. రెండు లోహాలూ వేర్వేరుగా వ్యాకోచిస్తాయి, ఒక్కసారి బాగా వేడెక్కితే మధ్యలోని కూలెంట్ సీళ్లు పోతాయి. వేడెక్కాక రోజుకొకసారైనా ఇంజిన్‌ని ఎర్రగీత దరిదాపుల దాకా తిప్పితే మసి వదులుతుంది. 50 లీటర్ల పెట్రోలుకి 200 నుంచి 400 మిల్లీలీటర్ల మంచి టూ-స్ట్రోక్ ఆయిల్ కలిపేవాళ్లూ ఉన్నారు. అది కంపెనీ చెప్పిన పద్ధతి కాదు, కానీ తొలి మోడళ్ల ఆయిల్ లోపానికి తర్కబద్ధమైన విరుగుడే.

‘మజ్దా నరకం’ నుంచి బయటపడ్డ దారి

1989లో చికాగోలో ఆవిష్కరించిన ఎంఎక్స్-5 రోడ్‌స్టర్ ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల ఓపెన్ స్పోర్ట్స్ కారైంది. 2016లో 10 లక్షలు దాటింది. ఎంఎక్స్-5 వచ్చిన కాలంలోనే జపాన్‌లో మజ్దా ఐదు వేర్వేరు బ్రాండ్ల షోరూములు తెరిచి, ఒకే కారుని వేర్వేరు పేర్లతో అమ్మి చేతులు కాల్చుకుంది. 1996లో ఫోర్డ్ వాటా 33.4 శాతానికి పెరిగి, హెన్రీ వాలెస్ అధ్యక్షుడయ్యాడు. పెద్ద జపాన్ కార్ల కంపెనీకి విదేశీయుడు నాయకుడు కావడం అదే మొదలు.

ఆ రోజుల్లోనే జపాన్ కొనుగోలుదారుల్లో ‘మజ్దా నరకం’ అన్న మాట పుట్టింది. భారీ డిస్కౌంటుకి మజ్దా కొంటారు. అమ్మబోతే పాత కారుకి ధర పలకదు. సరైన ధర ఇచ్చేది మళ్లీ మజ్దా డీలరే, అదీ ఇంకో మజ్దా కొంటేనే. ఇక బయటపడే దారి ఉండదు. ఐరోపాలో తిట్టు వేరు: చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లో 2000ల నాటి మజ్దా3, మజ్దా6 కార్ల వెనక చక్రాల పైఅంచులు తుప్పుపట్టి ఊడేవి. రెండో తరం ఎంఎక్స్-5కి ముందు ఛాసిస్ పట్టీల లోపల తుప్పు. ఇప్పటికీ ఆ కార్లు కొనేవాళ్లు లిఫ్ట్ మీద ఎత్తి చూడకుండా డబ్బివ్వకూడదు.

2008 ఆర్థిక సంక్షోభంలో ఫోర్డ్ తన వాటా అమ్మేయడం మొదలుపెట్టింది. యెన్ విలువ పెరిగింది. ఎక్కువ కార్లని జపాన్‌లోనే చేసి ఎగుమతి చేసే మజ్దాకి అది గట్టి దెబ్బ. 2012 మార్చితో ముగిసిన ఏడాదిలో నష్టం 10,770 కోట్ల యెన్లు. హైబ్రిడ్‌కి డబ్బులేని ఆ దశలో మిత్సువో హితోమి బృందం చేసిన పని, ఉన్న పెట్రోలు ఇంజిన్‌నే తిరగరాయడం.

స్కైయాక్టివ్-జీ పేరిట వచ్చిన ఆ ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లోని గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో చెప్పే లెక్క) 14. అప్పట్లో మామూలు ఇంజిన్లకి 10, 11. ఇంత నొక్కితే పెట్రోలు ముందే మండి ఇంజిన్ ‘నాక్’ కొట్టాలి. దానికి పెద్ద కారణం సిలిండర్‌లో మిగిలిపోయే వేడి పొగ అని వాళ్లు తేల్చారు. ఒక సిలిండర్ వదిలిన పొగ తాకిడి పక్క సిలిండర్‌లోకి వెనక్కి తన్నకుండా, నాలుగు గొట్టాలు రెండుగా, రెండు ఒకటిగా కలిసే పొడవాటి ఎగ్జాస్ట్ పెట్టారు. గొట్టం పొడవైతే క్యాటలిస్ట్ ఆలస్యంగా వేడెక్కుతుంది. దానికి విరుగుడుగా పిస్టన్ తలలో గుంట పెట్టి, స్టార్ట్ చేసిన కొత్తలో మంటని ఆలస్యం చేశారు. ఐరోపాలో 95 ఆక్టేన్‌కి 14, అమెరికాలో సాధారణ పెట్రోలుకి 13గా ఉంచారు. టర్బో లేదు, విడి గేర్లు లేని సీవీటీ గేర్‌బాక్స్ లేదు, మామూలు ఆరు గేర్ల ఆటోమేటిక్. 2012 సీఎక్స్-5తో ఇది జనంలోకి వెళ్లింది. 2020 పట్టికలో మొదటి స్థానానికి వెనక ఉన్నది ఇదే: ఒకే ఇంజిన్, ఒకే గేర్‌బాక్స్ అన్ని మోడళ్లలో, ఏళ్ల తరబడి, చిన్నచిన్న సవరణలతో.

అదే కుటుంబంలో డీజిల్ పేరు అంత బాగా నిలవలేదు. స్కైయాక్టివ్-డీ కంప్రెషన్‌ని కూడా 14కే తగ్గించడంతో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గాయి, కానీ నగరంలో చిన్న దూరాలు తిరిగే కార్లలో మసి పేరుకుంది. పొగ గొట్టం ఫిల్టర్‌లోని మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది, అందులో కొంత ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ తగ్గడం కాదు, పెరుగుతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద ఎక్స్ గుర్తు ఉన్నది దానికే. అక్కడికి చేరితే గడువుతో పని లేకుండా మార్చాలి. పెట్రోలులోనూ మినహాయింపులు ఉన్నాయి: రెండు సిలిండర్లని ఆపి నడిపే 2.5 లీటర్ల ఇంజిన్‌కి 2019లో అమెరికాలో సుమారు 2,62,000 కార్ల రీకాల్ జరిగింది. 2.5 టర్బోలో ఎగ్జాస్ట్ వైపు సిలిండర్ హెడ్ దగ్గర కూలెంట్ కారిన ఉదంతాలు ఉన్నాయి. టర్బో లేని 2.5 కొన్నవాళ్లకి ఈ తలనొప్పులు తక్కువ. 2024 జూన్‌లో టొయోటా, హోండా, సుజుకి, యమహాలతోపాటు మజ్దా కూడా ధ్రువీకరణ పరీక్షల్లో అక్రమాలు ఒప్పుకుంది. ఎయిర్‌బ్యాగ్‌ని సెన్సర్‌తో కాక టైమర్‌తో పేల్చి చేసిన ఢీకొట్టు పరీక్షలు వాటిలో ఉన్నాయి. ఇంజినీర్ల కంపెనీ అని చెప్పుకునేవాళ్లకి ఇది చిన్న మచ్చ కాదు.

2017లో టొయోటా సుమారు 5 శాతం వాటా తీసుకుంది. అలబామాలో ఇద్దరూ కలిసి కట్టిన ఫ్యాక్టరీ 2021లో మొదలైంది. టొయోటా నీడ ఉన్నాక రోటరీకి మళ్లీ చోటు దొరికింది, ఈసారి చక్రాలు తిప్పడానికి కాదు. 2023లో వచ్చిన ఎంఎక్స్-30 ఆర్-ఈవీలో 830 సీసీల ఒకే రోటర్ జనరేటర్‌గా పనిచేస్తుంది. బ్యాటరీ 17.8 కిలోవాట్ అవర్లు, ట్యాంకు 50 లీటర్లు. ఈ పని రోటరీ స్వభావానికి సరిపోతుంది: వేగం పదేపదే ఎక్కిదిగదు, కుదుపు ఉండదు, చిన్న చోటులో ఇముడుతుంది. మొన సీళ్ల మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లకి పెంచారు, పెట్రోలుని నేరుగా గదిలోకే చిమ్ముతున్నారు, పక్క పలకలని అల్యూమినియంతో చేసి బరువు 15 కిలోలు తగ్గించారు. 2024 ఫిబ్రవరిలో రోటరీ అభివృద్ధి విభాగాన్ని 36 మందితో మళ్లీ ఏర్పాటు చేశారు. అమెరికా, ఐరోపాల్లో రాబోయే కాలుష్య నిబంధనలకి రోటరీని సరితూగేలా చేయడం వాళ్ల పని. యమమోటో బృందం గాట్లు పోగొట్టింది. కాలే ఆయిల్, చలిలో స్టార్ట్ చేసినప్పుడు మండకుండా మిగిలే పెట్రోలు మాత్రం ఇప్పటికీ ఈ 36 మంది బల్ల మీదే ఉన్నాయి. వాళ్ల జీతాలు సీఎక్స్-5 అమ్మకాల నుంచి వస్తున్నాయి.